స్కోరు తగ్గిస్తే చిరునామా దొరికినట్టు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటి పన్ను జాబితా కావచ్చు, కుళాయి కనెక్షన్ల రిజిస్టరు కావచ్చు, జ్వర పీడితుల పట్టిక కావచ్చు, కాగితం మీదో కంప్యూటరులోనో ఉన్న చిరునామాలను మ్యాపు మీద పాయింట్లుగా మార్చే పని మన సీమ పట్టణాల్లోని కార్యాలయాల్లో ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. జియోకోడింగ్ అని పిలుచుకునే ఈ పనిని క్యూజీఐఎస్, ఆర్క్‌జీఐఎస్ వంటి, మ్యాపులు తయారు చేసే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో చాలా ఏళ్లుగా చేస్తూ, కర్నూలులో కొందరు విద్యార్థులకు నేర్పుతూ ఉన్నవాడిగా నాకు ఆందోళన కలిగిస్తున్న ఒక అలవాటును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి, పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను. సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చిన సెట్టింగులను ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, దొరకని చిరునామాలు ఎక్కువైనప్పుడు మాత్రం కనీస మ్యాచ్ స్కోరును కిందికి జరిపి, అన్నీ దొరికాయని ఫైలు అప్పగించడమే ఆ అలవాటు. అలా తయారైన మ్యాపు చూడడానికి నిండుగానే ఉంటుంది, కానీ పాయింటు ఉన్న చోటికి వెళ్లి చూస్తే ఆ ఇల్లు అక్కడ ఉండదు.

ఈ పని తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. సాఫ్ట్‌వేరు మనం ఇచ్చిన చిరునామాను డోర్ నంబరు, వీధి, కాలనీ, ఊరు, పిన్‌కోడ్ అంటూ ముక్కలుగా విడదీస్తుంది. తన దగ్గర ఉన్న ఆధార పట్టికలో, అంటే ఏ చిరునామా ఎక్కడుందో ముందే రాసి పెట్టిన జాబితాలో, వాటికి పోలిక ఉన్న చిరునామాలను ఏరి, ఒక్కోదానికి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మనం పెట్టిన కనీస స్కోరు దాటిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చిన చోట పాయింటు పెడుతుంది, ఏదీ దాటకపోతే దొరకలేదని రాస్తుంది. కాబట్టి కనీస స్కోరు అనేది పరీక్షలో పాస్ మార్కు లాంటిది. దాన్ని ఎనభై అయిదు నుంచి యాభైకి తగ్గించినంత మాత్రాన పిల్లవాడికి చదువు రానట్టే, చిరునామాకు ఇల్లు దొరకదు.

అసలు ఇబ్బంది ఆధార పట్టిక దగ్గరే మొదలవుతుంది. ఈ పద్ధతికి పునాది వేసింది అమెరికా జనగణన శాఖ. 1970 జనగణన కోసం డైమ్ ఫైళ్లను, 1990 జనగణన కోసం టైగర్ ఫైళ్లను తయారు చేసిన ఆ శాఖ, ప్రతి వీధి ముక్కకూ ఎడమ వైపు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇళ్లున్నాయో, కుడి వైపు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉన్నాయో రాసి పెట్టుకుంది. అక్కడ సాధారణంగా వీధికి ఒక పక్క సరి సంఖ్యలు, రెండో పక్క బేసి సంఖ్యలు వరుసగా నడుస్తాయి కనుక, 100 నుంచి 198 దాకా ఉన్న వీధిలో 150 నంబరు ఇల్లు సుమారు నడిమధ్యన ఉంటుందని లెక్క కట్టవచ్చు. సాఫ్ట్‌వేరులో కనిపించే సైడ్ ఆఫ్‌సెట్, ఎండ్ ఆఫ్‌సెట్ అనే పెట్టెలు ఈ లెక్క నుంచి పుట్టినవే. పాయింటు రోడ్డు నడిగీత మీద పడకుండా ఇళ్ల వైపు జరగడానికి, వీధి చివరి ఇల్లు కూడలి మధ్యలోకి పోకుండా ఉండడానికి వాటిని పెట్టారు.

మన డోర్ నంబరుకు ఈ లెక్క పనికిరాదు. మన దగ్గర నంబరు వార్డును, బ్లాకును పట్టుకుని వస్తుంది తప్ప వీధి వెంట నడవదు. ఉమ్మడి స్థలాన్ని అన్నదమ్ములు పంచుకుని ఇళ్లు కట్టుకుంటే బై నంబర్లు పుడతాయి. పై అంతస్తుకు ఎ అని, వెనక పోర్షనుకు బి అని చేరుతుంది. వార్డులను మళ్లీ విభజించినప్పుడు కొత్త నంబరు వస్తుంది, కానీ కరెంటు బిల్లు మీద పాతదే ఉంటుంది, రేషన్ కార్డు మీద ఇంకొకటి ఉంటుంది. ఊరి చివర వెంచర్లలో అసలు డోర్ నంబరే ఉండదు, ప్లాట్ నంబరు, సర్వే నంబరు రాసుకుంటారు. నంబరు పక్కన తప్పకుండా ఉండేది ‘గుడి ఎదురుగా’, ‘ట్యాంకు వెనక’, ‘ఫలానా డాక్టరు గారి ఇంటి పక్క సందు’ అన్న గుర్తు. పోస్టుమ్యాన్‌కు గాని, గ్యాస్ బండి తెచ్చే అబ్బాయికి గాని దారి చూపేది ఆ గుర్తే. సాఫ్ట్‌వేరు మాత్రం దాన్ని అర్థంలేని మాటగా పక్కకు తోసేస్తుంది, లేదా ఆ డాక్టరు పేరునే వీధి పేరు అనుకుంటుంది.

జాబితా మ్యాపు దాకా వెళ్లకముందే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. కడప నుంచి వచ్చిన ఒక జాబితాను ఎక్సెల్‌లో తెరిచి చూస్తే డోర్ నంబరు కాలమ్‌లో కొన్ని వరుసలు ‘02-అక్టోబర్’, ‘05-డిసెంబర్’ అని ఆంగ్లంలో కనిపించాయి. అవి 2/10, 5-12 అనే డోర్ నంబర్లు. గీతతోనో అడ్డగీతతోనో ఉన్న చిన్న అంకెలను ఎక్సెల్ తేదీలుగా భావించి మార్చేసింది. ఒకసారి అలా సేవ్ అయిపోతే, అది మొదట 2/10 అని ఉందో, 2-10 అని ఉందో, 10-2 అని ఉందో ఫైలును చూసి చెప్పగలిగే దారి లేదు. కర్నూలు, అనంతపురం, కడప మూడు పట్టణాల్లోనూ ఈ రూపంలో ఉన్న డోర్ నంబర్లు కోకొల్లలు కాబట్టి, చిరునామా ఎక్కించే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలని, క్యూజీఐఎస్‌లోకి సీఎస్‌వీ ఫైలు తెచ్చుకునేటప్పుడు కాలమ్ రకాన్ని సాఫ్ట్‌వేరే గుర్తించే టిక్‌ను తీసేయాలని ప్రతి డేటా ఎంట్రీ ఆపరేటరుకు చెప్పి తీరాలి. పాత ఫైళ్లు అనూ ఫాంట్లలో టైపు చేసినవైతే వాటిని అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చుకోకుండా ముందుకు వెళ్లకూడదు. తెర మీద తెలుగులా కనిపించే ఆ అక్షరాలు సాఫ్ట్‌వేరుకు అర్థంలేని గుర్తులే.

ఇక స్పెల్లింగు విషయానికి వస్తాను. అక్షరాల తేడాను ఎంతవరకు సహించాలో చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. దాన్ని వదులు చేస్తే ఎక్కువ చిరునామాలు కలుస్తాయి, బిగిస్తే తక్కువ కలుస్తాయి. కర్నూలు వాళ్లకు ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు ఏమిటో చెప్పనక్కర లేదు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు వెలసిన ఆ మూడు ప్రాంతాల పేర్లలో ఒక్క అక్షరమే తేడా. స్పెల్లింగు సెట్టింగు కొంచెం వదులైతే చాలు, సాఫ్ట్‌వేరు దృష్టిలో ఈ మూడూ ఒకటైపోతాయి, సి క్యాంపు ఇల్లు బి క్యాంపులో పడుతుంది. దీనికి పూర్తిగా ఎదురు తిరిగే ఉదాహరణ కడప. 2005లో ఆంగ్లంలో ఆ పేరు రాసే తీరు అధికారికంగా మారేవరకు అది ‘సి’ అక్షరంతో మొదలయ్యేది, ఇప్పుడు ‘కె’తో మొదలవుతుంది. పలికే ధ్వనిని బట్టి పేర్లను కలిపే సౌండెక్స్ అనే పద్ధతికి 1918లోనే అమెరికాలో పేటెంటు ఉంది, ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లలో అది వాడుకలో ఉంది. కానీ ఆ పద్ధతి మొదటి అక్షరాన్ని మార్చకుండా అలాగే ఉంచుకుని మిగిలిన హల్లులకే అంకెలు వేస్తుంది. అందువల్ల పాత రికార్డులోని కడపకు సి310 అని, కొత్త రికార్డులోని కడపకు కె310 అని వచ్చి, ఒకే ఊరు రెండు ఊళ్లుగా తేలుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్న క్యాంపులు వేర్వేరు చోట్లు, సగానికి సగం అక్షరాలు మారిన కడప ఒకటే చోటు అయినప్పుడు, స్పెల్లింగు సెట్టింగును ఏ అంకె దగ్గర పెట్టినా ఈ రెండూ ఒకేసారి సరిపడవు.

అందుకే స్పెల్లింగు సెట్టింగును బిగించే ఉంచి, వాడుకలోని వేర్వేరు పేర్లను మారుపేర్ల పట్టికలో విడిగా రాసుకోవాలని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను. ఆ పట్టికలో అనంతపురం, అనంతపూర్, అనంతపురము ఒకే వరుసలో ఉండాలి. కడపలో ఏడు రోడ్ల కూడలిని సెవెన్ రోడ్స్ అని రాసేవారూ ఉన్నారు. ప్రభుత్వ సర్వజన వైద్యశాల అని బోర్డు మీద ఉన్నదాన్ని కర్నూలు జనం పెద్దాసుపత్రి అనే అంటారు. నంద్యాల, ఆళ్లగడ్డ చిరునామాల్లో 2022 ఏప్రిల్ 4కు ముందువి కర్నూలు జిల్లా అని, హిందూపురం, ధర్మవరం చిరునామాల్లో అప్పటివి అనంతపురం జిల్లా అని ఉంటాయి కాబట్టి, పాత జిల్లా పేరు ఉన్నందుకు మార్కులు కోసేయకుండా చూసుకోవాలి. సాయినగర్ మూడో క్రాస్ అన్నప్పుడు ‘మూడో’ అన్న మాటను అంకెలో, అక్షరాల్లో, ఆంగ్లంలో ఎన్ని విధాలుగా రాస్తారో అన్నీ చేర్చాలి. ఈ పట్టిక తయారు చేయడం విసుగు పుట్టించే పనే, దానికి ఊరు తెలిసిన మనిషి కావాలి. కానీ ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదేనని నా నమ్మకం. వార్డు సచివాలయాల్లో పని చేస్తున్నవారికి తమ పరిధిలో ఏ సందును జనం ఏ పేరుతో పిలుస్తారో తెలుసు. వారు ఒక వారం కూర్చుంటే తయారయ్యే పట్టికను ఏ కంపెనీ సాఫ్ట్‌వేరూ తనతో తెచ్చి ఇవ్వలేదు.

తక్కువ స్కోరుతో చేసిన మ్యాపు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక సంస్థ తయారు చేసిన కర్నూలు చిరునామాల ఫైలు నా దగ్గరికి పరిశీలనకు వచ్చింది. దాదాపు అన్ని చిరునామాలూ దొరికాయని దానితో వచ్చిన నివేదికలో రాశారు. నగరం మధ్యలో ఉన్న ఒక పాయింటు మీద క్లిక్ చేస్తే పక్క పట్టికలో వరుసలు దిగుతూనే పోయాయి. బుధవారపేట, వెంకటరమణ కాలనీ, అబ్బాస్‌నగర్, కల్లూరు, అన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటి అక్షాంశ రేఖాంశాలూ ఆరో దశాంశం దాకా ఒకటే. ఊరి పేరు తప్ప ఇంకేమీ కలవని చిరునామాలన్నిటినీ సాఫ్ట్‌వేరు నగర కేంద్రంగా తాను గుర్తించిన ఒక్క బిందువు మీద పోసేసింది, స్కోరు బాగా తగ్గించి ఉండడం వల్ల అవన్నీ దొరికిన లెక్కలోకి వెళ్లాయి. దూరం నుంచి చూస్తే అక్కడ ఒక ఇల్లు ఉన్నట్టే ఉంటుంది. అదే ఫైలు డెంగీ కేసులదైతే, వాటిని సాంద్రత మ్యాపుగా మార్చగానే నగరం నడిబొడ్డున పెద్ద ఎర్ర మచ్చ కనిపించేది. దోమల మందు కొట్టే బండి అక్కడికి వెళ్లేది, కేసులున్న కాలనీకి వెళ్లేది కాదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఏ వీధి దాకా నీళ్లు వచ్చాయో అనుభవించినవారికి తెలుసు. ఒక వీధి మునిగితే దాని పై వీధి మునగకపోవచ్చు. కడపలో బుగ్గవంక ఒడ్డున ఉన్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. పాయింటు రెండు మూడు వందల మీటర్లు జరిగితే ముంపు ఇల్లు గట్టు మీదికి, గట్టు మీది ఇల్లు ముంపులోకి మారిపోతుంది. పడవను ఎటు పంపాలో, పరిహారం ఎవరికి ఇవ్వాలో ఆ మ్యాపును చూసి నిర్ణయించే రోజున ‘దొరకలేదు’ అని రాసి ఉన్న చిరునామా మేలు చేస్తుంది, ఎందుకంటే దాన్ని వెతకడానికి ఎవరో ఒకరు బయలుదేరుతారు. తప్పు చోట దొరికిన చిరునామాను మళ్లీ ఎవరూ వెతకరు.

కనీస స్కోరుతో పాటు చూసుకోవలసిన సెట్టింగులు ఇంకా ఉన్నాయి. రెండు చోట్లకు సమానంగా మార్కులు వచ్చినప్పుడు సాఫ్ట్‌వేరే ఒకదాన్ని ఎంచుకోవడానికి అనుమతించే టిక్ ఉంటుంది. గాంధీనగర్, శ్రీనివాసనగర్ లేని పట్టణం అరుదైన మన ప్రాంతంలో ఆ టిక్ తీసేయడమే క్షేమం. అప్పుడు అలాంటి వరుసలను మనిషి కూర్చుని తేల్చవచ్చు. ఆధార పట్టికలను ఒకదాని వెనుక ఒకటిగా పేర్చుకుని, మొదట డోర్ నంబరు స్థాయిలో, అక్కడ దొరకకపోతే కాలనీ స్థాయిలో, చివరకు పిన్‌కోడ్ స్థాయిలో వెతికించడం మంచి పద్ధతే. అయితే ఏ చిరునామా ఏ స్థాయిలో దొరికిందో చెప్పే కాలమ్‌ను ఫైలు నుంచి తీసేయకూడదు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ ఉత్తరాల బట్వాడాకు ఏర్పడినది, ఇంటిని చూపించడానికి కాదు. 518001 అన్న ఆరు అంకెలు మాత్రమే కలిసిన చిరునామాకు ఇల్లు గుర్తు వేయడం చూసేవారిని తప్పుదారి పట్టించడమే.

అక్షాంశ రేఖాంశాల సెట్టింగుల్లో జరిగే పొరపాట్లు పెద్దవిగా ఉంటాయి గనుక త్వరగానే పట్టుబడతాయి. కర్నూలు అక్షాంశం సుమారు 15.83, రేఖాంశం సుమారు 78.04. ఎక్స్, వై పెట్టెల్లో ఈ రెండు కాలమ్‌లను తారుమారు చేస్తే మన పాయింట్లు ఉత్తర ధ్రువానికి చేరువలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడతాయి. మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖ కర్నూలు నగరానికి కాస్త పడమరగా వెళుతుంది. ఆదోని, అనంతపురం 43లో ఉంటే కర్నూలు, నంద్యాల, కడప 44లో ఉన్నాయి. 43లో కొలిచిన అనంతపురం పాయింట్లను 44 అని ప్రకటించి ఎక్కిస్తే అవి ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతాయి. ఈ జిల్లాలన్నిటికీ కలిపి పని చేసేవారు పాయింట్లను జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అక్షాంశ రేఖాంశాల్లోనే దాచుకుని, దూరాలు కొలిచేటప్పుడు మాత్రమే జోన్‌లోకి మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

మరో ముఖ్యమైన విషయం గోప్యత. క్యూజీఐఎస్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు వారి నామినాటిమ్ అనే చిరునామాలు వెతికే ఇంటర్నెట్ సేవకు చిరునామాలను గుంపుగా పంపి పాయింట్లు తెచ్చుకునే వీలుంది. ఆ ఉచిత సర్వరును సెకనుకు ఒకటికి మించి అడగకూడదన్న నియమం ఉంది, దాన్ని పాటించాలి. అంతకంటే ముఖ్యంగా, అలా పంపిన ప్రతి చిరునామా మన కంప్యూటరు దాటి బయటి సర్వరుకు వెళుతుందని గుర్తుంచుకోవాలి. రోగుల జాబితాలను, పింఛనుదారుల జాబితాలను ఆ దారిలో పంపడం సరికాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చిన తర్వాత కూడా ఈ జాగ్రత్త లేకపోతే ఎలా? సొంత ఆధార పట్టికను డెస్క్‌టాప్‌లోనే తయారు చేసుకుంటే ఈ సమస్య రాదు, స్థానికమైన పేర్లు కూడా అందులోనే ఇముడుతాయి.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌తో ఇవన్నీ తీరిపోతాయని కొందరు మిత్రులు అంటున్నారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ)ల తోడ్పాటుతో రూపొందిన ఆ పది అక్షరాల కోడ్ దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విభజిస్తుంది. దాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే అది అక్షాంశ రేఖాంశాలను చిన్నదిగా రాసే పద్ధతి. రిజిస్టరులో ఉన్న పాత చిరునామా ఏ గడిలో ఉందో తేల్చాలంటే ఎవరో ఒకరు ఆ గుమ్మం ముందు నిలబడాలి, లేదా ఇప్పుడు మనం చెప్పుకుంటున్న జియోకోడింగే సరిగా చేయాలి. తప్పు చోట పడిన పాయింటుకు డిజిపిన్ తీస్తే తప్పు చోటి డిజిపినే వస్తుంది.

కర్నూలు, అనంతపురం, కడప నగరపాలక సంస్థలకు నా విన్నపం ఇది. పాత డోర్ నంబరుకు కొత్త డోర్ నంబరు ఏదో తెలిపే పట్టికను, కాలనీల పేర్లను, వార్డు హద్దులను యజమానుల పేర్లు లేకుండా అందరికీ అందుబాటులో ఉంచండి. జియోకోడింగ్ పనిని బయటివారికి అప్పగించేటప్పుడు కనీస స్కోరు, స్పెల్లింగు సెట్టింగు, సమాన మార్కుల టిక్, వాడిన ఆధార పట్టిక ఏమిటో ఒక పేజీలో రాసి ఇవ్వాలని, ప్రతి వరుసకూ స్కోరు, స్థాయి కాలమ్‌లు ఉండి తీరాలని ఒప్పందంలో చేర్చండి. ఎన్ని దొరికాయన్న లెక్క చూసి బిల్లు చెల్లించకండి. ప్రతి వార్డు నుంచి కొన్ని పాయింట్లను ముందుగా చెప్పకుండా తీసుకుని, వార్డు సచివాలయ సిబ్బందిని ఆ ఇళ్ల దగ్గరికి పంపి, సరిపోయిన తర్వాతే చెల్లించండి. దొరకని చిరునామాల జాబితాను కూడా దొరికిన వాటితో పాటే తీసుకుని, వీధి తెలిసినవారి చేత ఒక్కొక్కటిగా సరిచేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కృష్ణానగర్, కర్నూలు.